ఇంట్లో ఇంగ్లీష్ లేని పిల్లలకు వారం హోంవర్క్: నర్సంపేట వైపు ఒక ఏడో తరగతి కేస్ స్టడీ

2023-24 విద్యా సంవత్సరంలో వరంగల్ జిల్లా నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి ఇంగ్లీష్ హోంవర్క్‌ను పూర్తిగా మార్చి నడిపించాం. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఎక్కడ నిలబడింది, ఎక్కడ నిలబడలేదు అన్నది తోటి ఇంగ్లీష్ టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. బడి పేరు, పిల్లల పేర్లు ఇవ్వడం లేదు.

తరగతిలో ముప్పై పైచిలుకు పిల్లలు. సగం మంది ఊరివాళ్ళు. మిగతావాళ్ళలో ఎక్కువమంది తండాల నుంచి ఆటోల్లో, సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు, కొద్దిమంది హాస్టల్ పిల్లలు. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్. ఇంగ్లీష్ చదివి చెప్పగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నది తరగతి మొత్తంలో నలుగురైదుగురికే. సాయంత్రం పిల్లలు ఇల్లు చేరేసరికి అమ్మానాన్నలు చేను నుంచి ఇంకా రారు. వచ్చాక ఆ ఇంట్లో ఉండే ఒకే ఒక్క ఫోన్ నాన్న జేబులో ఉంటుంది.

మన తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీష్ మీడియం వచ్చింది. లెక్కలు, సైన్స్, సోషల్ పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగుగా అచ్చయ్యాయి. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లీష్ పేజీని ముట్టుకోకుండా ఏడాది గడిపేయగలరు. ఇంగ్లీష్ రీడర్‌కు, అంటే ఇంగ్లీష్ పాఠ్యపుస్తకానికి మాత్రం ఎదుటి పేజీ ఉండదు. దాంతో పిల్లలు ఇంగ్లీష్‌లో నిజంగా చదవాల్సిన పుస్తకం అదొక్కటే అయింది, ఆ బరువంతా ఇంగ్లీష్ టీచర్ మీద పడింది.

అంతకు ముందు నడిచిన హోంవర్క్

పాఠం అవగానే కింది ప్రశ్నలకు జవాబులు రాసుకు రావాలి. పాఠంలోని ఇరవై పదాలకు మీనింగ్స్ రాసి, ఒక్కోటి ఐదుసార్లు ఇంపోజిషన్ రాయాలి. రాత బాగుంటే టిక్కు, పక్కన ‘గుడ్’. చాలా బడుల్లో నడిచేది ఇదే. జవాబులు ఎక్కడి నుంచి వస్తాయో మనకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. తరగతి మొత్తానికి రెండు గైడ్లు ఉంటే చాలు, పొద్దున ప్రార్థనకు ముందే ముప్పై నోటుబుక్కులు నిండుతాయి.

తరగతిలోకెల్లా అందమైన నోటుబుక్కు ఒక అబ్బాయిది. మార్జిన్ గీసి, హెడ్డింగులు ఎర్ర పెన్నుతో రాసి, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేది. అతను రాసిన జవాబునే అతని చేతికిచ్చి చదవమంటే మొదటి లైను దాటలేదు. ఇంగ్లీష్ అక్షరాలను ముగ్గు వేసినట్టు వేస్తున్నాడు, అంతే. మరో అమ్మాయి గడగడా చదివేది. పుస్తకం తెప్పించి చూస్తే ప్రతి ఇంగ్లీష్ మాట నెత్తిన పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు ఉన్నాయి: ‘దేర్ వాజ్ ఏ కింగ్’. ఆమె చదివింది ఆ పైలైను. ట్యూషన్ అక్క రాయించిందట.

ఈ ఇద్దరికీ హోంవర్క్ మార్కులు బాగానే వచ్చేవి. పిల్లవాడు చదివినా చదవకపోయినా ఒకేలా పూర్తయ్యే పని అది. అందుకని కొత్తదానికి రెండే షరతులు పెట్టుకున్నాను. ఇంట్లో ఇంగ్లీష్ తెలిసినవాళ్ళు లేకపోయినా పిల్లవాడు పూర్తి చేయగలగాలి. ఇంకొకరిది చూసి రాస్తే పూర్తి కాకూడదు. మిగతావన్నీ ఈ రెంటి నుంచి వచ్చినవే.

గంటలో ఏం పడుతుంది

కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు హోంవర్క్ రోజుకు గంట మించకూడదు, అంటే వారానికి 5–6 గంటలు. తెలుగు, హిందీ, ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్, సోషల్ ఈ గంటల్ని పంచుకోవాలి. ఇంగ్లీష్ వాటా వారానికి గంట లోపే. లెక్కల సార్ ఎప్పుడూ తన వాటా దాటతారు కాబట్టి నాకు ముప్పావుగంట దక్కుతుందనుకున్నాను. రోజూ ఇంత అని ఇస్తే ఆరేడు నిమిషాల ముక్కలవుతాయి. పత్తి ఏరే రోజుల్లో ఒక సాయంత్రం అసలే దొరక్కపోవచ్చు. అందుకే వారానికి ఒక షీటు అనుకున్నాం. మంగళవారం ఇస్తే సోమవారం వరకు టైము. ఆదివారం కూర్చుని చేసినా సరే, మూడు రాత్రుల్లో చేసినా సరే.

ఇక షీటులో ఎంత ఉండాలి? న్యూజిలాండ్‌లో పదాల నేర్పు మీద జీవితమంతా పనిచేసిన పాల్ నేషన్, సహ పరిశోధకురాలితో కలిసి 2000లో ఒక విషయం తేల్చారు. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే ఎదుట ఉన్న మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు ఒక్క కొత్త మాట. మా రీడర్‌లో ఒక పేజీ ఇచ్చి తెలియని మాటల కింద గీత గీయమన్నాను. చాలామంది పేజీల్లో లైనుకు రెండు మూడు గీతలు పడ్డాయి. అలాంటి పేజీని ఇంటికి పంపి ‘చదువుకు రా’ అంటే గైడు కొనుక్కోమని చెప్పినట్టే.

ఇది విదేశాల్లో పుట్టి మన మీదకు వచ్చిన సంగతి కూడా కాదు. 1920లలో ఢాకాలో పనిచేసిన ఇంగ్లీష్ బోధనా నిపుణుడు మైకేల్ వెస్ట్, కొత్త మాటలు కుప్పగా మీద పడటమే బెంగాలీ పిల్లల ఇబ్బంది అని గమనించాడు. అరుదైన మాటలు తీసేసి, కొత్తవాటిని దూరం దూరంగా పెట్టి, ఒక్కోటి మళ్ళీ మళ్ళీ తగిలేలా రీడర్లు తయారు చేశాడు. ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళకు ముందుగా కావలసిన దాదాపు రెండు వేల మాటలతో 1953లో వచ్చిన ప్రసిద్ధ జాబితా (జనరల్ సర్వీస్ లిస్ట్) ఆయనదే. మన వైపు తరగతి గదుల్లో పుట్టిన ఆలోచన ఇది. నా బీఈడీలో ఆ పేరు విన్న గుర్తు లేదు.

లెక్క సులువుగా కుదిరింది. రెండు వందల మాటల పేరాలు రెండు. యాభైకి ఒకటి చొప్పున ఒక్కోదాంట్లో నాలుగు కొత్త మాటలు, వారానికి ఎనిమిది. ఇరవై నుంచి ఎనిమిదికి దించుతుంటే తోటి టీచర్లు ‘మరీ తక్కువ కదా మేడమ్’ అన్నారు. ఇరవై రాయించి ఒక్కటీ మిగలనిదానికంటే ఎనిమిది నయం.

పేరాలు ఎక్కడివి అంటే, కొన్ని ప్రథమ్ బుక్స్ వాళ్ళ పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ నుంచి. 2015 నుంచి ఉన్న ఆ వేదికలో కథలను మూలం పేరు వేసి ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. మొదటి స్థాయి కథలు 250 మాటల లోపే ఉంటాయి, భాష సరిగ్గా మా పిల్లలకు సరిపోతుంది. చిక్కేమిటంటే బొమ్మలు, విషయం ఆరేళ్ళ పిల్లలవి. పన్నెండేళ్ళవాడికి కుక్కపిల్ల కథ ఇస్తే మొహం మాడ్చుకుంటాడు. అందుకని సగానికి పైగా నేనే రాశాను. పాఖాల చెరువును కాకతీయ గణపతిదేవుడు తవ్వించడం, రామప్ప శిఖరానికి వాడిన తేలిక ఇటుకలు, 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల లైను, హన్మకొండ బస్టాండులో బస్సు తప్పిన పిల్లవాడు, ఇలాంటివి. రెండు వందల మాటల్లో నాలుగే కొత్తవి ఉండేలా రాయడం ఎంత కష్టమో రాసి చూస్తే తెలుస్తుంది. ఒక్కో పేరాకు గంట పట్టేది. జిరాక్స్ ఖర్చు కొంత స్కూల్ గ్రాంట్‌లోంచి, కొంత నా చేతి నుంచి.

ఏ ఎనిమిది మాటలు

ఈ కేసులో ఎక్కువ ఆలోచన దీనికే పట్టింది. పాఠం చివర పుస్తకం ఇచ్చే పదాల జాబితాను పక్కన పెట్టి, మాటల్ని మూడు కుప్పలు చేశాను. అమెరికాలో పదాల బోధన మీద పనిచేసిన ఇసబెల్ బెక్ బృందం మాటల్ని మూడు అంచెలుగా చూస్తుంది, మొదటి అంచె పిల్లలకు ముందే తెలిసిన రోజువారీ మాటలు. మన పిల్లల మొదటి కుప్ప మాత్రం వేరేగా ఉంటుంది.

మా పిల్లలకు ఇప్పటికే నోట్లో ఉన్న ఇంగ్లీష్ చాలా ఎక్కువ. స్టార్టర్, ఫ్యూజు, ఓల్టేజి, స్ప్రే, డోసు, లోడు, గ్రేడు, కమీషన్, రసీదు మీద సైన్. ఇవన్నీ ఇంటి మాటలే. వీటికి అర్థం చెప్పక్కర్లేదు, ఇంగ్లీష్ అక్షరాల్లో ఎలా కనబడతాయో చూపిస్తే చాలు. కాబట్టి ఇవి ఎనిమిదిలో లెక్కకు రావు. పేరాలో ఎన్నైనా వాడొచ్చు. తెలిసిన 98 శాతాన్ని నింపేది వీళ్ళ చేనూ మోటరే. పట్నం పిల్లల కోసం తయారైన వర్క్‌బుక్కుల్లో ఈ వీలు ఉండదు.

రెండో కుప్ప ఆ పాఠానికే పరిమితమైన మాటలు. ఒక కథలో షాండ్లియర్ (పైకప్పు నుంచి వేలాడే దీపాల గుత్తి) వచ్చింది. అదేమిటో బొమ్మ చూపించి ముందుకు పోతాం. ఏడో తరగతి పిల్లవాడు దాన్ని ఐదుసార్లు రాసి సాధించేది లేదు.

మూడోది అసలు కుప్ప. ఆల్దో, ఇన్‌స్టెడ్, అన్‌లెస్, ఇనఫ్, రిమెయిన్, రిడ్యూస్, కంపేర్, ఈచ్, ఎట్ లీస్ట్, సర్ఫేస్, అమౌంట్. ఏ పాఠంలోనూ వీటిని బోల్డ్ అక్షరాల్లో వేయరు. ఫొటోసింథసిస్ అనే మాటను సైన్స్ మేడమ్ ఒక పీరియడ్ అంతా వివరిస్తారు, అది వచ్చేస్తుంది. ఆ పక్కనే ఉన్న ‘ఆకుల మీద తగినంత వెలుతురు పడకపోతే’ అనే భాగంలోని ఇనఫ్, అన్‌లెస్‌లను ఎవరూ వివరించరు. లెక్కల్లో కూడా అంతే. భాగహారం వచ్చిన పిల్లవాడు ‘ఈచ్’ దగ్గర ఆగిపోతాడు.

ఆల్దో దగ్గర మా వాళ్ళు ఎందుకు తప్పిపోతున్నారో కొన్ని వారాలు గమనించాక తెలిసింది. ‘వాన పడ్డా బడికొచ్చిండు’ అన్నప్పుడు తెలుగులో ఆ మెలిక అంతా ‘పడ్డా’ చివర ఉంటుంది. ఇంగ్లీష్‌లో అది వాక్యం మొదట్లోనే వచ్చి కూర్చుంటుంది. పిల్లలు దాన్ని దాటేసి వాన పడింది, బడికొచ్చాడు అని రెండు విడి సంగతులుగా చదువుకుంటున్నారు. మీనింగ్ రాయిస్తే ‘అయినప్పటికీ’ అని అందరూ తప్పు లేకుండా రాస్తారు. ఆ ‘అయినప్పటికీ’ని వాక్యంలో ఎక్కడ తగిలించాలో తెలియదు. కాబట్టి ఇలాంటి మాటలకు మీనింగ్ కాలమ్ తీసేశాను. షీటులో ఆ మాటతో మూడు చిన్న వాక్యాలు ఉంటాయి, మూడూ ఇంటి సంగతులే. నాలుగోది పిల్లవాడు తనింట్లో జరిగిందే రాయాలి. కరెంట్ ఉన్నా మోటరు నడవలేదని ఒకరు, జ్వరం ఉన్నా అమ్మ కూలికి పోయిందని ఒకరు. ఒకరి వాక్యం ఇంకొకరికి అతకదు, చూసి రాస్తే తరగతిలో దొరికిపోతుంది.

వినేవాళ్ళు

షీటు కింద తల్లిదండ్రుల సంతకం ఉండే చోట ‘విన్నది ఎవరు?’, ‘ఏం అడిగారు?’ అని రెండు గీతలు పెట్టాను. పని ఏమిటంటే, పేరాను ఇంట్లో ఒకరి ముందు ఇంగ్లీష్‌లో గట్టిగా చదవాలి. తర్వాత అదే సంగతిని ఇంటి భాషలో చెప్పాలి. తెలుగైనా సరే, లంబాడీ అయినా సరే. విన్నవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నను పిల్లవాడు తెలుగులోనో ఇంగ్లీష్‌లోనో రాసుకు రావాలి.

ఇంగ్లీష్ రానివాళ్ళు వింటే ఏం లాభమని తల్లిదండ్రుల మీటింగులోనే అడిగారు. వాళ్ళు ఇంగ్లీష్ దిద్దక్కర్లేదు. పిల్లవాడు తాను చదివింది తనకు అర్థమైతే తప్ప ఇంటి భాషలో చెప్పలేడు. చెప్పింది అతుక్కోకపోతే నాయినమ్మకు వెంటనే తెలిసిపోతుంది. కథలు వినడంలో ఆమె అనుభవం ముందు నాదెంత!

బస్టాండు పేరాలో చాయ్ బండి ఆయన పిల్లవాడికి బస్సు చార్జీ ఇస్తాడు, వాడు ఇల్లు చేరతాడు, అంతటితో అయిపోతుంది. సోమవారం ఒక అమ్మాయి షీటు పట్టుకుని వచ్చింది.

“మేడమ్, మా నాయినమ్మ అడిగింది, ఆ చాయ్ ఆయనకు పైసలు మళ్ల ఇచ్చిండా పిలగాడు అని. షీట్ల లేదు.”

“మరి నువ్వేం చెప్పినవ్?”

“తెల్వదన్న. ఇచ్చినట్టు రాయాలె మేడమ్, లేకుంటే మంచిగుండదు.”

రెండు లైన్లు తనే రాసింది. ఆ వారం ఎనిమిది మాటల్లో ‘రిటర్న్’ ఉంది, అది అందులో పడింది. వ్యాకరణం వంకరగా ఉంది, దిద్దలేదు. పాఖాల పేరాకు ఒక తాత ‘తూములు ఎన్నని రాసిన్రు?’ అని అడిగించాడు. చెరువు గురించి రాసిన నేను తూముల ఊసే ఎత్తలేదు. పాఠం కింద అచ్చయ్యే ప్రశ్నలకు జవాబు పాఠంలోనే ఉంటుంది, గైడులో కూడా ఉంటుంది. ఈ ప్రశ్నలకు గైడు ఉండదు.

దొంగ ప్రశ్నలూ వచ్చాయి. ఏ షీటుకైనా అతికే ‘కథ పేరేంది?’ లాంటిది నాలుగైదు కాగితాల్లో ఒకే రాతలో కనబడేది. వాళ్ళను ఏమీ అనేదాన్ని కాదు, సోమవారం తరగతిలో చదివించడానికి తీసే చీటీల్లో వాళ్ళ పేరు తప్పక పడేలా చూసేదాన్ని. హాస్టల్ పిల్లలకు ఇంటివాళ్ళు లేరు కాబట్టి తొమ్మిదో తరగతి అన్నలను వినమన్నాం. వాళ్ళు వినడం మానేసి స్పెల్లింగులు అప్పజెప్పించుకోవడం మొదలుపెట్టారు. అక్కడ ఈ పద్ధతి సరిగా నడవలేదనే చెప్పాలి.

పత్తి ఏరే కాలంలో వారానికి రెండు మూడు రోజులు రాని అబ్బాయి ఒకడున్నాడు. షీటు ఒకసారి తెచ్చేవాడు, రెండుసార్లు తెచ్చేవాడు కాదు. ఒక సోమవారం షీటు లేకుండా పురుగుమందు డబ్బా మీది కాగితం ఊడదీసి తెచ్చాడు. ‘మేడమ్, దీని మీద డేంజర్ అని ఉంది, మన షీట్ల వచ్చింది గదా!’ మన దేశంలో పురుగుమందుల లేబుల్ మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటుంది, దాని కింది సగానికి రంగు వేస్తారు. ఎరుపు అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు దాని మీద పుర్రె గుర్తుతో పాయిజన్ అని, పసుపు దాని మీద పుర్రె లేకుండా పాయిజన్ అని, నీలం మీద డేంజర్ అని, ఆకుపచ్చ మీద కాషన్ అని ఉంటుంది. వాళ్ళ నాయిన రంగు చూసి కొంటాడట. ఎర్రదైతే గట్టిగా పనిచేస్తది, ఆకుపచ్చదైతే పైసలు దండుగ అని.

ఆ లేబుల్‌తోనే తర్వాతి వారం షీటు చేశాను. పాయిజన్, కాషన్, మిక్స్, అవాయిడ్, వాష్, కంటెయినర్, రీచ్, ఇమీడియట్లీ. చేతులకు తొడుగు లేకుండా కలపొద్దు, గాలికి ఎదురుగా కొట్టొద్దు, ఖాళీ డబ్బాలో నీళ్ళు తాగొద్దు. ఆ ఏడాది ఏ షీటుకూ రానన్ని ప్రశ్నలు దీనికి వచ్చాయి, అడిగినవాళ్ళలో నాన్నలే ఎక్కువ. ఆ అబ్బాయి ఆ రెండు వందల మాటలూ తడబడకుండా చదివాడు. ఆ ఏడాది అతను తడబడకుండా చదివిన మొదటి ఇంగ్లీష్ కాగితం అదే.

సోమవారం

ముప్పై షీట్లు ఇంటికి మోసుకెళ్ళి దిద్దే పని ఒక్క తరగతికైతే చేయొచ్చు. ఒకే ఇంగ్లీష్ టీచర్ ఆరు నుంచి పది వరకు చూసే బడిలో కుదరదు. నోట్సుల కట్టలు పేరుకుపోతాయి, మూడు వారాల తర్వాత పెట్టిన టిక్కు వల్ల ఎవరికీ లాభం లేదు. సోమవారం మొదటి పది నిమిషాలే దిద్దుబాటు అనుకున్నాం. చీటీలు తీస్తే ముగ్గురి పేర్లు వస్తాయి. ఒకరు పేరాలో సగం చదవాలి, ఒకరు ఇంట్లో అడిగిన ప్రశ్న చెప్పి తరగతిని అడగాలి, ఒకరు తన సొంత వాక్యాలు రెండు చదవాలి. మిగతావాళ్ళ షీట్లు ఫైల్లోకి వెళ్తాయి. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో జరిగే మూల్యాంకనం) రాత పనులకిచ్చే మార్కులకు ఆ ఫైలే ఆధారం, కాబట్టి పై నుంచి ఎవరైనా వచ్చి అడిగినా చూపించడానికి కాగితం ఉంది.

తర్వాత ఐదు నిమిషాలు పాత మాటలకు. పెళ్ళి కార్డులు కత్తిరిస్తే వెనకవైపు మంచి అట్టలు వస్తాయి. వాటి మీద ఒకవైపు మాట, రెండోవైపు ఖాళీ ఉన్న వాక్యం. మూడు మిఠాయి డబ్బాలు: ఈ వారానివి, నెల లోపువి, పాతవి. తరగతి తేలిగ్గా చెప్పగలిగిన కార్డు పక్క డబ్బాలోకి పోతుంది, ఆగిపోయిన కార్డు మళ్ళీ మొదటి డబ్బాకు వస్తుంది. జర్మన్‌లో రాసిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఒంటరిగా చదువుకునేవాళ్ళ కోసం చెప్పిన డబ్బాల పద్ధతిని తరగతికి సరిపోయేలా కుదించుకున్నదే ఇది. ఆల్దో నాలుగుసార్లు వెనక్కి వచ్చింది. పిల్లలు దానికి ‘ఫెయిలైన కార్డు’ అని పేరు పెట్టారు.

స్పెల్లింగ్ డిక్టేషన్ ఈ పది పదిహేను నిమిషాల్లో పెట్టలేదు. దాని మీద వేరే అభిప్రాయాలున్నవాళ్ళు ఉంటారు. నా లెక్కలో చదివి గుర్తుపట్టడం ముందు, రాత తర్వాత.

ఏడాది ఎలా నడిచింది

కాగితం మీద ప్రతి వారం అని రాసుకున్నా అలా జరగదు. 2023 జులై చివర కుండపోత వానలకు బడులకు సెలవులిచ్చారు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడిన వాన అది. బడి తెరిచాక ఇచ్చిన షీటులో ఆ అంకె, ‘ఫ్లడ్’, ‘డ్యామేజ్’ ఉన్నాయి, పిల్లలకు ఆ మాటలు ఎక్కించే అవసరమే రాలేదు. తర్వాత బతుకమ్మ, దసరా సెలవులు, నవంబర్ 30 ఎన్నికలకు ముందూ వెనకా టీచర్ల డ్యూటీలు, ఫిబ్రవరిలో 21 నుంచి 24 వరకు మేడారం జాతర. జాతర వారం తరగతి సగం ఖాళీ. అలాంటి వారాల్లో కొత్త షీటు ఇవ్వలేదు, పాత డబ్బాలతోనే గడిపాం. దాని వల్ల నష్టమేమీ కనబడలేదు, మూడో డబ్బాలోని మాటలు అప్పుడే బాగా కుదురుకున్నాయి.

మార్చిలో, ముందు చెప్పకుండా, సగం ఏడాది కిందటి షీట్ల నుంచి మాటలు తీసి కొత్త వాక్యాల్లో పెట్టి చదివించాను. సగానికి పైగా పిల్లలు చాలావరకు పట్టుకున్నారు. మీనింగ్ అడిగితే తడబడినవాళ్ళు కూడా వాక్యంలో చూపిస్తే సరిగ్గా చెప్పారు, నాకు కావలసింది అదే. అందమైన నోటుబుక్కు అబ్బాయి రెండు వందల మాటల పేరాను వేలు పెట్టుకుని, ఆగుతూ చదువుతున్నాడు. రాత ఇప్పుడు మునుపంత అందంగా లేదు, వాళ్ళమ్మ వచ్చి అదే అడిగింది కూడా. పెన్సిల్ తెలుగు రాసుకునే అమ్మాయి మొత్తం లైను రాయడం మానేసి కష్టమైన మాటల మీద మాత్రమే రాసుకుంటోంది. దాన్ని నేను ఆపడం లేదు. పరీక్ష మార్కుల్లో పెద్ద తేడా చూపించలేను. ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్, టర్ము చివరి పరీక్ష) పేపరు అడిగేది చాలావరకు పాఠంలోని ప్రశ్నలే, వాటికి గైడు ఇప్పటికీ దగ్గరి దారి.

ఇదే షీటును ఆరో తరగతిలో కూడా పెట్టి చూశాం. నడవలేదు. అక్షరాన్ని శబ్దంతో కలపలేని పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకు 98 శాతం లెక్క వర్తించదు. వాళ్ళకు తరగతిలో మూడు నాలుగుసార్లు కలిసి చదివిన ఐదు లైన్లనే ఇంటికి పంపుతున్నాం, ఇంట్లో ఒకరికి చదివి వినిపిస్తే చాలు.

ఫోన్ సంగతి చాలామంది అడుగుతారు. కెమెరా పెడితే షీటు మొత్తం తెలుగులోకి మారిపోతుంది, మా పిల్లల్లో ముగ్గురు నలుగురికి అది తెలుసు. ఆపాలని ప్రయత్నించలేదు. తెలుగు చూసి నాయినమ్మకు కథ చెప్పొచ్చు, కానీ సోమవారం చీటీ పడితే ఇంగ్లీష్‌లోనే గట్టిగా చదవాలి. ఆ రోజు ఫోన్ ఇంట్లో ఉంటుంది.

ఆ ఏడాది చివర ఇది రాసేనాటికి, ఈ పిల్లలు జూన్‌లో ఎనిమిదికి వెళ్ళబోతున్నారు. అక్కడ సైన్స్ రెండు సబ్జెక్టులవుతుంది, మాటల బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. ఫిజికల్ సైన్స్ సార్ తన మొదటి మూడు పాఠాల్లో పిల్లలు ఆగిపోయే మాటల కింద గీత గీసి ఇస్తానన్నారు, వాటిని షీట్లలోకి తేవాలని మాట్లాడుకున్నాం. వారానికి ఎనిమిది దాటకూడదన్నది ఇద్దరం ఒప్పుకున్నాం. అందులో తనకు ఆరు కావాలంటున్నారు. నేను నాలుగు దగ్గర ఉన్నాను.